ఏడు గళ్ళ చెట్టు

కోత అమ్మమ్మ ఈ వయసులో జిరాక్సు షాపాయన పక్కన నిలబడి, భుజానికి భుజం ఆనించి, జంటగా ఫొటో దిగిందట. ఇస్త్రీ ఆవిడ ఇది తన కళ్ళతో చూసిందట. ఆవిడ కళ్ళతో చూసినదాన్ని మందుల షాపావిడ తన నోటితో చెప్పింది కాబట్టి, వీధి చివరికి చేరేసరికి ఆ ఫొటోలో ఆయన చెయ్యి ఈవిడ నడుం మీదికి వచ్చేసింది.

"ఇంట్లో సవతిని పెట్టుకునేనట," అందట మందుల షాపావిడ, దగ్గుమందు సీసాని కాగితంలో చుడుతూ. "ఆ సవతే ఎదురుగా కూర్చుని, ఇంకాస్త దగ్గరికి జరగండి, మధ్యలో గోడ కనబడుతోంది అని చెప్పిందట. ఇస్త్రీ ఆవిడ చొక్కా కాలిపోతున్నా చూసుకోలేదట పాపం."

ఇందులో అబద్ధం నడుం సంగతొక్కటే. మిగతాదంతా జరిగిందే. జరిగిందే కాబట్టి మొదటినుంచి చెప్పుకోవాలి.

మా వీధి మలుపులో, మెట్ల కింద ఉన్న టైలర్ షాపు ఇద్దరాడవాళ్ళది. ఇద్దరికీ మొగుడు ఒక్కడే. ఆ ఒక్కడూ ఇప్పుడు లేడు. లేడంటే చచ్చిపోయాడని కాదు. ఇరవై ఆరేళ్ళ కిందట ఒక కోటుకి బొత్తాలు తక్కువయ్యాయని, తెస్తానని వెళ్ళి, ఇంకో ఆవిడ దగ్గర ఆగిపోయాడు. అతను ఉన్నన్నాళ్ళూ ఈ ఇద్దరూ జుట్లు పట్టుకున్నారు. అతను వెళ్ళిన మర్నాడు చూసుకుంటే షాపులో సగం సగం చేసిన బట్టలు పదకొండు జతలున్నాయి, గుమ్మంలో వాటి తాలూకు మనుషులున్నారు. పెద్దావిడకి కొయ్యడం వచ్చు, కుట్టడం రాదు. చిన్నావిడకి కుట్టడం వచ్చు, కత్తెర ఇస్తే మెడ కొయ్యాల్సిన చోట చంక కోస్తుంది. ఇద్దరూ జుట్లు వదిలి బట్టలు పట్టుకున్నారు. ఇప్పటిదాకా వదల్లేదు.

చిన్నావిడకి అప్పటికి ఏడాది కూతురు. పెద్దావిడకి కాన్పు లేదు. ఆ కూతురు పెరిగి పెద్దదై ఇప్పుడు సిటీ బస్సు నడుపుతుంది. అల్లుడు బేకరీలో పిండి కలుపుతాడు. కోడి కూయకముందే వెళ్ళి, జనం పళ్ళు తోముకునే వేళకి వచ్చి పడుకుంటాడు. అతను కొండల అవతల ఒక అనాథ శరణాలయంలో పెరిగినవాడు. మన మాటలు బాగానే మాట్లాడతాడు గానీ కోపం వస్తే సొంత భాషలోకి దిగిపోతాడు. ఏమంటున్నాడో అత్తగార్లిద్దరికీ తెలియదు. ఆ సంసారం అంత సాఫీగా సాగడానికి అదే కారణమని చిన్నావిడ అంటుంది.

వాళ్ళ కూతురే బొత్తాం. నాలుగేళ్ళది. పాకే వయసులో ఎవరిదో కోటు బొత్తాం ఒకటి మింగేసింది. పెద్దావిడ రెండు రోజులు కాపలా కాసి, దొరికినదాన్ని కడిగి, చిన్నావిడకి ఇచ్చింది. చిన్నావిడ అదే కోటుకి కుట్టేసింది. ఆ కోటు ఎవరిదో మాత్రం ఇద్దరూ ఇప్పటికీ బయటపెట్టరు. అప్పటినుంచి ఆ పిల్లకి ఆ పేరే నిలిచిపోయింది. పిల్ల కూడా తక్కువది కాదు, మాటలు వచ్చిన ఏడాదే ఆడవాళ్ళిద్దరికీ పేర్లు పెట్టింది. పెద్దావిడ కోత అమ్మమ్మ, చిన్నావిడ కుట్టు అమ్మమ్మ.

కుట్టు అమ్మమ్మకి మోకాళ్ళు పనిచెయ్యవు, మిషను తొక్కడానికి తప్ప. అందుకని బొత్తాంని పొద్దున బడికి తీసుకెళ్ళేదీ, మూడున్నరకి తీసుకొచ్చేదీ కోత అమ్మమ్మే. ఆ పిల్లకి ఏడాది పొడుగునా ముక్కు కారుతూనే ఉంటుంది. కోత అమ్మమ్మ మిగిలిన గుడ్డపీలికల్ని జానెడు ముక్కలుగా కోసి బొడ్లో దోపుకుంటుంది. బడి గేటు దగ్గరికి చేరేలోపు మూడు ముక్కలు ఖర్చు.

ఇక ఆ బడి సంగతి.

మూడు నుంచి అయిదేళ్ళ పిల్లల బడి అది. దాని హెడ్ మేడమ్ మూడు రోజులు ట్రైనింగుకి వెళ్ళొచ్చింది. వెళ్ళినప్పుడు చేతిసంచితో వెళ్ళి, వచ్చేటప్పుడు ఒక తోలు సంచీ, రెండు పెన్నులూ, 'వైవిధ్యం' అనే మాటా తెచ్చుకుంది. పెన్నులు వారంలో అయిపోయాయి, మాట అయిపోలేదు. మంచినీళ్ళ డ్రమ్ము మీద, మరుగుదొడ్డి తలుపు మీద, చెప్పుల అర మీద 'మన తేడాలే మన బలం' అని అట్టలు వెలిశాయి. చెప్పుల అర దగ్గర దాని కిందే ఇంకో పాత అట్ట ఉండేది: పిల్లలందరూ ఒకే రకం నల్ల బూట్లు వేసుకురావలెను. దాన్ని తియ్యడం ఎవరికీ తోచలేదు.

ఒకరోజు బొత్తాం సంచీలో మడతపెట్టిన చార్టు ఒకటి వచ్చింది. దానిమీద ఒక చెట్టు అచ్చేసి ఉంది, చెట్టుకి ఏడు గళ్ళు. కింద పిల్లకి ఒకటి, దాని పైన అమ్మకీ నాన్నకీ రెండు, ఆ పైన అమ్మమ్మ, తాతయ్య, నానమ్మ, తాతయ్య. అన్నింట్లో ఫొటోలు అంటించి పంపమన్నారు. 'నా కుటుంబం, నా సంస్కృతి' పండగ రోజున పై ఆఫీసు నుంచి తనిఖీ మేడమ్ వస్తుంది, చార్టులు చూస్తుంది, బడికి 'వైవిధ్య బడి' అని బిళ్ళ ఇస్తుంది. అంతవరకూ ఎవరికీ బాధ లేదు. చివర్లో చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది. ఆ రోజునుంచి గేటు కార్డులు ఇస్తారట. చార్టులో ఉన్నవాళ్ళకే కార్డు. కార్డు ఉన్నవాళ్ళకే పిల్ల.

కుట్టు అమ్మమ్మ మిషను ఆపి ఇదంతా పైకి చదివింది. కోత అమ్మమ్మ కత్తెర కూడా ఆగింది.

"అమ్మమ్మ గడి ఒక్కటే ఉందక్కా," అంది కుట్టు అమ్మమ్మ.

"కనబడుతోందిలే."

"నువ్వే ఎక్కు. నాకెందుకు గేటూ కార్డూ, నేను ఈ బల్ల దిగితేగా."

"కన్నకూతురు నీది. నేనెక్కితే రేపు ఆ హెడ్ మేడమ్ అడగదా, ఈ పిల్ల తల్లిని ఎప్పుడు కన్నావని?"

"అడిగితే చెప్పు, నువ్వు కోసిచ్చావు, నేను కుట్టానని."

కోత అమ్మమ్మ నవ్వలేదు. ఇరవై ఆరేళ్ళలో ఆవిడని ఎవరూ, నువ్వీ ఇంట్లో ఎవరివి అని అడగలేదు. అడగాల్సిన పని పడలేదు. ఇప్పుడు కాగితం అడుగుతోంది. మాటామాటా పెరిగి, పాత లెక్కలు బయటికొచ్చాయి. నా పెట్టెలో దుప్పటి ఎవరు తీశారన్న దగ్గర మొదలై, ఆయన ముందు ఎవరిని సినిమాకి తీసుకెళ్ళాడన్న దాకా పోయాయి. ఆ పూట షాపులో కత్తెర ఒక గోడవైపు, మిషను ఇంకో గోడవైపు తిరిగి పనిచేశాయి. బొత్తాం మధ్యలో కూర్చుని బొత్తాలు గుడ్డమీద వరసలు పేర్చుకుంది.

సాయంత్రానికి కోత అమ్మమ్మే చార్టు చేతిలోకి తీసుకుంది. వెలుగుకేసి ఎత్తి పట్టుకుని, కస్టమర్ తెచ్చిన పాత చొక్కాని చూసినట్టు అంచులు తడిమి చూసింది.

"దీన్ని కోసినవాడెవడో లోపల మడత వదల్లేదే," అంది. "పెరిగే పిల్లల బట్టకి రెండు వేళ్ళ మడత వదలాలని తెలీదు కాబోలు. సరే, అతుకేద్దాం."

ఇంకో అట్టముక్క తీసుకుని సరిగ్గా అదే కొలతకి ఒక గడి కోసింది. కుట్టు అమ్మమ్మ దాన్ని అమ్మమ్మ గడి పక్కన పెట్టి మిషను మీద నాలుగు వైపులా కుట్టేసింది. మంచి సన్నకుట్టు. చెట్టుకి ఎనిమిది గళ్ళయ్యాయి. ఇద్దరమ్మమ్మలూ పక్కపక్కన కూర్చున్నారు. ఆ పూట భోజనాలు కలిసే చేశారు.

మర్నాడు చార్టు వెనక్కి వచ్చింది. ఎర్రపెన్నుతో 'చార్టు ఆకారము మార్చరాదు' అని రాసి ఉంది. కోత అమ్మమ్మ ఆ చార్టుని చంకలో పెట్టుకుని బడికి వెళ్ళింది.

"చూడండమ్మా," అంది హెడ్ మేడమ్, తోలు సంచీ ఒళ్ళో పెట్టుకుని. "ముప్ఫై చార్టులూ ఒక్కలాగ ఉంటేనే గోడకి అందం. ఒక్కొక్కళ్ళు ఒక్కో రకంగా తెస్తే మేం వైవిధ్యం ఎలా చూపించాలి?"

"మా ఇంట్లో ఉన్నదే తెచ్చామండి."

"ఇంట్లో ఉన్నది వేరు, చార్టులో ఉండాల్సింది వేరు. ఇంకోటి, ఈ నానమ్మ, తాతయ్య గళ్ళు ఖాళీగా ఉన్నాయి. ఖాళీ గడి చూస్తే పిల్లల మనసు గాయపడుతుందని ట్రైనింగులో చెప్పారు."

"వాళ్ళ నాన్నకి ఎవరూ లేరండి. శరణాలయంలో పెరిగాడు."

"అందుకే గాయపడుతుంది అంటున్నాను," అంది హెడ్ మేడమ్. "ఖాళీలు పెట్టకండి."

గేటు దాకా వెనకే వచ్చిన చిన్న టీచరు అటూ ఇటూ చూసి చెవిలో చెప్పింది. ఈ చిన్న టీచరు మంచి పిల్ల. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలే అయింది కాబట్టి ఇంకా మంచి పిల్లే. "అమ్మమ్మగారూ, ఆ నానమ్మ గడి ఖాళీగానే ఉందిగా. అందులో మీరు కూర్చోండి. కార్డు వచ్చేస్తుంది. ఎవరు చూడొచ్చారు?"

అలా చార్టుకేసిన అతుకు విప్పేసి, కోత అమ్మమ్మ ఒక పూటలో అల్లుడికి తల్లయింది.

అల్లుడు నిద్రలేచి కళ్ళు నులుముకుంటూ విన్నాడు. నవ్వుతాడేమో అనుకున్నారు. నవ్వలేదు. "ఎక్కడ ఫారం నింపినా తల్లి పేరు దగ్గర గీత గీసేవాణ్ణి పెద్దత్తయ్యా," అన్నాడు. "బాగుంది."

"బాగుందని పిండి కాళ్ళతో మంచమెక్కితే తల్లినని కూడా చూడను," అంది కోత అమ్మమ్మ.

ఇక ఇద్దరు తాతయ్యలు కావాలి. తల్లివైపు తాతయ్య ఫొటోకి కరువు లేదు. రెండు పెళ్ళిఫొటోలున్నాయి ఇంట్లో, రెండింట్లోనూ పెళ్ళికొడుకు అతనే. ఏది కొయ్యాలన్న దగ్గర మళ్ళీ కాసేపు రగిలింది.

"నా పెళ్ళిలోది కోసుకోండి," అంది కోత అమ్మమ్మ. "అప్పటికి నెత్తిన జుట్టుంది."

"అంటే నా పెళ్ళికి రాలిందనా?"

"రాలిందని నేననలేదు. ఫొటో అంటోంది."

కోత అమ్మమ్మ తన ఫొటోనే కోసింది. చెవి చుట్టూ వంపు తిప్పి ఒక్క కత్తెరపోటున అతన్ని విడదీసింది. ఇరవై ఆరేళ్ళుగా పెట్టెలో దాచుకున్న ఫొటో అది. కొయ్యడానికి పట్టుమని అరనిమిషం పట్టలేదు. మిగిలిన సగం, పెళ్ళికూతురు ఒక్కతే ఉన్నది, మళ్ళీ పెట్టెలో పెట్టుకుంది.

తండ్రివైపు తాతయ్యగా జిరాక్సాయన ఒప్పుకున్నాడు. భార్య పోయిన మనిషి, పిల్లలు లేరు, పాస్‌పోర్టు ఫొటోలు కూడా ఆయనే తీస్తాడు. లోకం మొత్తానికి నకళ్ళు తీసిచ్చాడు గానీ ఎవరి చార్టులోనూ ఇంతవరకూ ఎక్కలేదు. మెడకి టై కట్టుకుంటానని ఒక్కటే షరతు పెట్టాడు. విడివిడిగా రెండు ఫొటోలెందుకు, ఒకటే దిగి మధ్యకి కోసేస్తాలే అంది కోత అమ్మమ్మ. టైలర్ షాపు గుమ్మంలోనే, కుట్టు అమ్మమ్మ మిషనుకి ఎదురుగా దిగారు. ఇస్త్రీ ఆవిడ చొక్కా కాల్చుకుంది అప్పుడే.

ఈలోగా బడి నుంచి షాపుకే ఇంకో పని వచ్చింది. పండగ రోజున పిల్లలు ముప్ఫై మందీ ఆరు సంస్కృతులుగా కనబడాలట. కొండవాళ్ళు అయిదుగురు, ఎడారివాళ్ళు అయిదుగురు, అడవివాళ్ళు, జాలర్లు, రైతులు, మంచుదేశంవాళ్ళు. హెడ్ మేడమ్ బట్ట తాను ఒకటి పంపించింది. ఒకే తాను, బూడిదా కాని పచ్చా కాని రంగు.

"ఆరు రకాలన్నారు, రంగు ఒకటే పంపారేంటండి?" అని అడిగింది కోత అమ్మమ్మ.

"అంచు మార్చండి," అంది హెడ్ మేడమ్. "జాలర్లకి నీలం అంచు, మంచుదేశానికి తెల్లది. సంస్కృతంటే అంచులోనే కదమ్మా తెలిసేది."

"మరి కొలతలు?"

"పిల్లలే కదా. మధ్యరకం పిల్లది ఒకటి తీసుకుని అందరికీ అదే కోసెయ్యండి."

"అలాగైతే లోపల మడత వదులుతాను. లావు పిల్లలుంటారు, చేతులెత్తితే చంకలో పిగులుతుంది."

"మడత వదిలితే ముప్ఫై రావు. ఉన్నదాంట్లోనే రావాలి."

మధ్యరకం పిల్ల బొత్తామే. ఆ పిల్లని బల్లమీద నిలబెట్టి కొలిచి, బట్టని ముప్ఫై మడతలుగా పేర్చి, సుద్దతో ఒక్కటే గీత గీసి, కోత అమ్మమ్మ ఒక్క దెబ్బకి కోసేసింది. కొండలూ ఎడారులూ సముద్రాలూ ఒకే కత్తెరలో తెగిపోయాయి. కుట్టు అమ్మమ్మ వాటికి అంచులేస్తూ ఒక మంచుదేశపువాణ్ణి పొరపాటున జాలరి చేసింది. కుట్లు విప్పబోతే, "ఉండనీ," అంది కోత అమ్మమ్మ, "మంచు కరిగిందనుకుంటారు."

ఏ పిల్ల ఏ సంస్కృతి అన్నది హాజరుపట్టీ ప్రకారం తేల్చారు. అయిదు నంబర్లకొకటి. చేపల కొట్టాయన కొడుకు మంచుదేశంలో పడ్డాడు. పొలం ఇంటిపక్కనే ఉన్న పిల్ల ఎడారిలో పడింది. బొత్తాం పదిహేడో నంబరు, జాలరి. చేతిలో అట్ట చేప.

బొత్తాం తండ్రి ఒకరోజు నిద్ర మానుకుని బడికి వెళ్ళాడు. నీళ్ళు కావాలంటే బొత్తాం ఇంట్లో రెండు భాషల్లో అడుగుతుంది. నిద్రపోయేముందు వినే పాట తండ్రి భాషది. ఆ పాట పిల్లలందరికీ నేర్పుతానని, నాలుగే చరణాలని చెప్పాడు. హెడ్ మేడమ్ ఓపిగ్గా విని పట్టీ తిరగేసింది.

"మీది కొండల అవతలి భాష కదండీ. కొండ సంస్కృతి ఒకటి నుంచి అయిదు నంబర్ల దాకానే ఉంది. మీ పాపకి జాలరి వచ్చింది."

"మేం నిజంగానే అక్కడివాళ్ళమండి."

"తెలుసండీ. కానీ పట్టీ అయిపోయింది."

అతను ఇంటికొచ్చి చాలాసేపు సొంత భాషలో మాట్లాడాడు. అత్తగార్లిద్దరూ తలలూపారు.

పండగ రోజు వచ్చింది. హాల్లో గోడకి ముప్ఫై చెట్లు, ఒక్కో చెట్టుకి ఏడేసి గళ్ళు. కుట్టు అమ్మమ్మని అల్లుడు మోటారు సైకిలు మీద తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. బొత్తాం తల్లికి బస్సు డ్యూటీ, రాలేదు. జిరాక్సాయన టై కట్టుకుని, ఎవరూ పిలవకపోయినా, రెండో వరసలో కూర్చున్నాడు. తనిఖీ మేడమ్ లావుపాటి ఫైలుతో, పలచటి నవ్వుతో వచ్చింది. చార్టు చూసి కార్డుమీద సంతకం పెట్టాలి, అప్పుడు ఆ కార్డు గేటు కాపలావాడి దగ్గరికి చేరుతుంది. కోత అమ్మమ్మ పొద్దుటినుంచి ఒక్క గుక్క టీ కూడా తాగలేదు.

ముందు పాట. వేరువేరుగా ఉన్నా మనమంతా ఒకటే అని పాట. 'ఒకటే' దగ్గర పిల్లలందరూ రెండు చేతులూ పైకెత్తాలి. ఎత్తారు.

మొదటి చప్పుడు మంచుదేశం వైపు నుంచి వచ్చింది. చేపల కొట్టాయన కొడుకు పుష్టిగల పిల్లవాడు. తర్వాత ఎడారి, తర్వాత కొండలు. రెండో 'ఒకటే'కి అడవి కూడా తెగింది. పాటలో ఆ మాట ఎనిమిదిసార్లు ఉంది. ఎనిమిదోసారి అయ్యేసరికి హాల్లో నిండు చంక బొత్తాం ఒక్కదానిదే, ఎందుకంటే ఆ కొలత దానిదే. మిగతా పిల్లలు చిరిగిన చోట వేళ్ళు పెట్టి ఒకళ్ళకొకళ్ళు చక్కిలిగింతలు పెట్టుకుని విరగబడి నవ్వారు. ఆ ఏడాది మొత్తంలో వాళ్ళంతా కలిసి చేసిన పని అదొక్కటే.

"మడత," అంది కోత అమ్మమ్మ కుర్చీలోంచి, మరీ పైకి కాదు.

హెడ్ మేడమ్, "టైలర్ల సంగతి మీకు తెలిసిందే మేడమ్," అని తనిఖీ మేడమ్‌ని గబగబా చార్టుల దగ్గరికి నడిపించింది. పదహారు చార్టులు చూడ్డం అయింది. పదిహేడో దాని దగ్గర బొత్తాం చేపని తోక పట్టుకుని నిలబడి ఉంది.

"ఎంత చక్కగా నింపారు," అంది తనిఖీ మేడమ్. ఫొటోలోకి చూసి, తండ్రిని చూసి, కోత అమ్మమ్మని చూసింది. "మీ అమ్మగారా? ముక్కు అచ్చం దిగిపోయింది."

"అవునండీ," అన్నాడతను. అబద్ధం చెబుతున్నట్టు లేదు. ఛాతీ కాస్త ముందుకొచ్చింది కూడా. "మా అమ్మే."

కుట్టు అమ్మమ్మ కుర్చీలో అటునుంచి ఇటు కదిలింది. తన అల్లుడు తన ఎదురుగా తన సవతిని అమ్మ అంటుంటే ఎటు చూడాలో తోచక జిరాక్సాయన టై వైపు చూసింది.

తనిఖీ మేడమ్ పెన్ను మూత తీసింది. కార్డు మీద నానమ్మ అని రాయబోతోంది. సరిగ్గా అప్పుడే బొత్తాం ముక్కు మొదలుపెట్టింది. ఇవాళ బాగా జోరుగా. పై పెదవి దాటింది, గడ్డం దాకా వచ్చింది. హెడ్ మేడమ్ తన చీర కుచ్చిళ్ళు వెనక్కి లాక్కుంది. చిన్న టీచరు చార్టులన్నీ చూసింది గానీ చేతిగుడ్డ కోసం చూడలేదు. తండ్రి జేబులు తడుముకుని, అలవాటైన నోటితో అలవాటైనట్టే అనేశాడు.

"పెద్దత్తయ్యా, గుడ్డ ఉందా?"

పెన్ను ఆగింది.

"అమ్మగారిని అత్తయ్య అంటారా మీ ఇంట్లో?" అంది తనిఖీ మేడమ్.

తనిఖీ మేడమ్ వంగి పిల్లనే అడిగింది. పిల్లలు అబద్ధం చెప్పరని ఆవిడ కూడా ఏదో ట్రైనింగులో వినే ఉంటుంది.

"పాపా, ఈవిడ నీకేమవుతుంది?"

"కోత అమ్మమ్మ."

"ఆ కుర్చీలో ఆవిడ?"

"కుట్టు అమ్మమ్మ."

"మరి ఈ టై కట్టుకున్న తాతయ్య?"

"జిరాక్సు తాతయ్య. నేనొక పిల్లి బొమ్మ వేస్తే రెండు పిల్లుల్ని చేసిస్తాడు."

"ఈ జుట్టు తాతయ్య?"

"బొత్తాలు తేవడానికి వెళ్ళాడు," అంది బొత్తాం. "ఇంకా తేలేదు."

రెండో వరసలో జిరాక్సాయన టై ముడి వదులు చేసుకున్నాడు. హెడ్ మేడమ్ ముందుకొచ్చింది.

"చూశారా మేడమ్, ఎంత చెప్పినా ఇలాంటి ఇళ్ళవాళ్ళు అబద్ధాలు రాసి పంపిస్తారు. మేం నిజమే రాయమన్నాం. ఆవిడ ఇక్కడికొచ్చి అడిగితే కూడా, ఉన్నదున్నట్టు రాయండమ్మా అనే చెప్పాను."

చిన్న టీచరు నేలకేసి చూస్తోంది. అక్కడేమీ లేదు, ఒక చిరిగిన నీలం అంచు తప్ప.

"అంటే ఈ చార్టు చెల్లదు," అంది తనిఖీ మేడమ్. కటువుగా అనలేదు. ఆవిడ మంచిదే, పని అలాంటిది. "రక్తసంబంధం లేనివాళ్ళకి పిల్లని అప్పగించామంటే రేపు నా మీదికొస్తుంది. ఈ కుర్చీలో ఆవిడే నిజమైన అమ్మమ్మ అయితే కార్డు ఆవిడకే ఇద్దాం."

"నేను మిషను దిగలేనమ్మా," అంది కుట్టు అమ్మమ్మ. లేవబోయి, మోకాలు పట్టేసి, మళ్ళీ కూర్చుంది. "నాలుగేళ్ళనుంచీ దాన్ని మోసేది మా అక్కే. మీరు కార్డు నాకిస్తే నేనేం చేసుకోను, బొడ్లో దోపుకోనా? అక్కా, నువ్వు చెప్పవే. నేను చెబుతా ఉండు. అసలు మా ఆయన..."

కోత అమ్మమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. రెండో చేతిలో గుడ్డపీలిక ఉంది. బొత్తాం అలవాటు ప్రకారం మొహం పైకెత్తి, కళ్ళు మూసుకుని, ఎదురుచూస్తోంది.

"పెద్దావిడా, మీ నోటితో మీరే చెప్పండి," అంది తనిఖీ మేడమ్, కార్డు ఫైలుమీద ఆనించి. "ఇక్కడ ఒకటే గడి ఉంది. పాపకి మీరేమవుతారు?"

కోత అమ్మమ్మ ముందు పిల్ల పని చూసింది. ఒకసారి తుడిచింది, మడిచి ఇంకోసారి తుడిచింది, చీదమంది, చీదించింది. ఆ గుడ్డని బొడ్లో దోపుకుని అప్పుడు తలెత్తింది.

"ముక్కు తుడిచేదాన్ని. దానికి గడి ఉంటే రాసుకోండి, లేకపోతే రేపట్నించి మీరొచ్చి తుడవండి."